విదేశాల్లో అద్దె కారు: బండికి నాలుగు స్టార్లు, కౌంటర్‌కి రెండు

రివ్యూ అంటే కంపెనీ పేరు పెట్టి పొగడాలి, లేదంటే దులిపెయ్యాలి. అద్దె కార్ల విషయంలో అలా రాస్తే చదివేవాళ్లకి పెద్దగా ఉపయోగం ఉండదు, ఎందుకంటే ఒకే బోర్డు కింద ఒక ఎయిర్‌పోర్టులో కంపెనీ సొంత స్టాఫ్ ఉంటారు, ఇంకో దేశంలో ఫ్రాంచైజీ తీసుకున్నవాళ్లు ఉంటారు, మొదటి చోట పది నిమిషాల్లో తాళం చేతికొస్తుంది, రెండో చోట అదే లోగో కింద చుక్కలు చూపిస్తారు. అందుకని పేర్లు వదిలేసి విదేశాల్లో కారు అద్దెకి తీసుకోవడం అనే సర్వీసు మొత్తానికి రివ్యూ రాస్తున్నా. బుకింగ్ దగ్గర్నుంచి, తాళం తిరిగిచ్చేశాక ఎప్పుడో వచ్చిపడే బిల్లు దాకా. నా తీర్పు ముందే చెప్పేస్తా: బండి గురించి టెన్షన్ పడక్కర్లేదు, బండితో పాటు మీరు సంతకం పెట్టే కాగితం గురించి పడండి. డబ్బు పోయేది ఎక్కువగా అక్కడే.

బండి సంగతి త్వరగా తేలిపోతుంది. పెద్ద కంపెనీల కార్లు మామూలుగా కొత్తవే ఉంటాయి, ఏసీ బాగా పనిచేస్తుంది, టైర్లు బాగుంటాయి, ఫోన్ కలిపితే మ్యాప్ తెర మీదకి వచ్చేస్తుంది. నాలుగు స్టార్లు. ఒక స్టార్ ఎందుకు కోశానంటే, సైట్‌లో ఫొటోలో చూపించిన కారు మీకు వస్తుందన్న గ్యారంటీ లేదు. ఫొటో కింద చిన్న అక్షరాల్లో ‘లేదా అలాంటిదే’ అని ఉంటుంది, అంటే మీరు బుక్ చేసింది ఒక కేటగిరీ, అంతే. వోచర్ మీద నాలుగు ఇంగ్లిష్ అక్షరాల కోడ్ ఒకటి ఉంటుంది, అక్రిస్ కోడ్ అంటారు, చాలామంది దాన్ని చూడనే చూడరు గానీ అసలు విషయమంతా అందులోనే ఉంది. మొదటి అక్షరం సైజు, రెండోది బాడీ రకం, మూడోది గేర్లు, నాలుగోది ఇంధనం, ఏసీ. మూడో అక్షరం ‘ఎం’ అయితే మాన్యువల్, ‘ఏ’ అయితే ఆటోమేటిక్. ఉదాహరణకి ‘సీడీఏఆర్’ అని ఉంటే నాలుగైదు డోర్ల కాంపాక్ట్ కారు, ఆటోమేటిక్, ఏసీ ఉంది అని. యూరప్‌లో చవకగా కనిపించేవి ఎక్కువ భాగం మాన్యువల్ బండ్లే, ఆటోమేటిక్ కావాలంటే బుక్ చేసేటప్పుడే ఎంచుకోవాలి, అక్కడికెళ్లి మార్చమంటే ఉండకపోవచ్చు, ఉన్నా రేటు వాళ్లిష్టం. అమెరికాలో ఈ గొడవ లేదు, దాదాపు అన్నీ ఆటోమేటిక్‌లే. మీకు అలవాటు లేని పక్కన నడపబోతుంటే మాత్రం ఆటోమేటిక్‌కి ఎక్కువ పెట్టడం దండగ కాదు. కొత్త ఊరు, కొత్త పక్క, పైగా గేరు రాడ్డు అలవాటు లేని చేతికి. మూడూ ఒకేసారి నెత్తిన ఎందుకు పెట్టుకోవడం?

ఫ్రీ అప్‌గ్రేడ్ అంటే ఎగిరి గంతెయ్యకండి. యూరప్ పాత ఊళ్లలో సందులు, పార్కింగ్ గ్యారేజీలు చిన్న కార్లకి సరిపడా కట్టినవి, పెద్ద ఎస్‌యూవీ తీసుకుని బేస్‌మెంట్ ర్యాంప్ మలుపులో అద్దాలు మడుచుకుంటూ దిగడం ఏమంత సరదాగా ఉండదు. ఎలక్ట్రిక్ బండి ఇస్తామంటే రెండు ప్రశ్నలు అడిగి తీసుకోండి: తిరిగిచ్చేటప్పుడు చార్జ్ ఎంత ఉండాలి, చార్జింగ్‌కి కార్డు మీరిస్తారా లేక ప్రతి కంపెనీ యాప్ నేను దించుకోవాలా. డిక్కీ సంగతి కూడా చూసుకోండి, ‘5 సీట్లు’ అన్న చోట ఐదుగురు పడతారేమో గానీ ఐదుగురి సూట్‌కేసులు పట్టవు.

ఇక కౌంటర్. దక్షిణ యూరప్‌లో ఒక ఎయిర్‌పోర్టులో, రాత్రి దిగి, క్యూ మొత్తం నిలబడి ముందుకెళ్లాక జరిగిన సంభాషణ ఇలా నడిచింది:

“మీకు ఇన్సూరెన్స్ లేదు సార్.”

“వోచర్‌లో సీడీడబ్ల్యూ ఉందని రాశారు కదండీ.”

“అది ఉందనుకోండి. కానీ చిన్న గీత పడినా రెండు వేల యూరోల దాకా మీరే కట్టాలి.”

“అంటే ఇన్సూరెన్స్ ఉంది, ఎక్సెస్ కూడా ఉంది. అంతేనా?”

ఆయన కాసేపు కంప్యూటర్ వైపు చూసి, “అంతే. రోజుకి కొంచెం కడితే ఆ ఎక్సెస్ కూడా పోతుంది” అన్నాడు.

ఆ ‘కొంచెం’ని రోజులతో గుణిస్తే కారు అద్దె కంటే ఎక్కువ తేలింది. ఆయన అబద్ధం ఆడలేదు, మొదటి వాక్యం తప్ప. అలసిపోయి, పిల్లల్ని సూట్‌కేసుల మీద కూర్చోబెట్టి నిలబడ్డ మనిషి దగ్గర ఆ మొదటి వాక్యం బాగా పనిచేస్తుందని వాళ్లకి తెలుసు. చాలాచోట్ల కౌంటర్‌లో వాళ్లకి ఈ అమ్మకాల మీద కమీషన్ ఉంటుంది, కాబట్టి మొహమాటపడకుండా, కోపం కూడా తెచ్చుకోకుండా, వద్దంటే వద్దని చెప్పేయొచ్చు.

కాకపోతే వద్దనాలన్నా, కావాలన్నా లోపల ఏముందో తెలియాలి కదా. సీడీడబ్ల్యూ అంటే కొలిజన్ డ్యామేజ్ వేవర్. కారుకి దెబ్బ తగిలితే ఒక మొత్తం దాకా మీరు భరించాలి, దానికి పైన ఎంతైనా మీ దగ్గర వసూలు చేయం అని కంపెనీ ఒప్పుకోవడం. ఆ మొదటి మొత్తమే ఎక్సెస్. యూరప్‌లో ఈ వేవర్, దొంగతనానికి రక్షణ, ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి థర్డ్ పార్టీ కవర్ మామూలుగా అద్దెలోనే కలిసి ఉంటాయి. అమెరికాలో అలా కాదు, తక్కువ రేటు చూసి బుక్ చేస్తే కారు డ్యామేజీకి వేవర్ ఉండకపోవచ్చు, థర్డ్ పార్టీ ఉన్నా ఆ రాష్ట్రం పెట్టిన కనీస మొత్తం వరకే ఉండొచ్చు, అక్కడి ఆస్పత్రి ఖర్చుల ముందు అది ఏ మూలకీ రాదు. అందుకని అమెరికాలో అదనపు లయబిలిటీ కవర్ తీసుకోమనే చెప్తా. యూరప్‌లో ఇది అనవసరమనీ, అమెరికాలో అవసరమనీ నేను అంటున్నానని కౌంటర్‌లో వాదించకండి, మీ వోచర్‌లో ఏముందో అది చదవండి.

ఎక్సెస్ భయం పోగొట్టుకోడానికి దారులు మూడు. కంపెనీ దగ్గరే జీరో ఎక్సెస్ కొనుక్కోవడం ఒకటి, ఖరీదు ఎక్కువ గానీ దెబ్బ తగిలినా తాళం ఇచ్చేసి వెళ్లిపోవచ్చు. రెండోది బయట విడిగా అమ్మే ఎక్సెస్ పాలసీ, లేదా బుకింగ్ సైట్ వాడు ‘ఫుల్ కవర్’ అని అంటగట్టేది, చాలా చవక, కానీ ఇది ఎలా పనిచేస్తుందో తెలియక కౌంటర్ దగ్గర గొడవపడేవాళ్లని బోలెడుమందిని చూశాను. అది కారు కంపెనీకి సంబంధం లేని పాలసీ. డ్యామేజీ అయితే కంపెనీ మీ కార్డు మీదే కోస్తుంది, మీరు కాగితాలన్నీ పెట్టి ఆ పాలసీ వాళ్ల దగ్గర తర్వాత రాబట్టుకోవాలి. డిపాజిట్ కూడా ఏమీ తగ్గదు. “ఇది ఇక్కడ చెల్లదు” అని కౌంటర్ వాడంటే, వాడి లెక్కలో అది నిజమే. మూడోది క్రెడిట్ కార్డుతో వచ్చే కవర్. దీంట్లో మెలికలు ఎక్కువ: అద్దె మొత్తం ఆ కార్డు మీదే కట్టి ఉండాలి, చాలా కార్డులకి కంపెనీ వేవర్ వద్దని చెప్పి ఉండాలి, కొన్ని దేశాలు, కొన్ని రకాల బండ్లు లిస్టులోంచి తీసేసి ఉంటాయి. నా మటుకు నాకు రెండోదే నచ్చింది. ఇరుకు కొండ రోడ్లు, నిద్రలేని రాత్రి ఫ్లైట్, వెనక సీట్లో చంటిపిల్లలు, ఇవన్నీ కలిసొచ్చిన ట్రిప్పులకి మాత్రం కంపెనీ దగ్గరే కొనేసి నిద్రపోతాను.

ఏది కొన్నా మినహాయింపుల పేరా చదవండి. మామూలు సీడీడబ్ల్యూలో టైర్లు, అద్దాలు, బండి కింది భాగం, పైకప్పు, పోయిన తాళం, తప్పు ఇంధనం కొట్టించడం తరచుగా ఉండవు. విచిత్రం ఏంటంటే పరాయి రోడ్ల మీద ఎక్కువగా దెబ్బ తగిలేవి టైర్లు, అద్దాలే. ఐస్‌లాండ్‌లో గులకరాళ్ల కవర్, ఇసుకా బూడిదా కవర్ అని విడివిడిగా అమ్ముతారు, వినగానే మోసం అనిపిస్తుంది గానీ అక్కడ గాలికి ఎగిరే ఇసుక నిజంగానే పెయింటు లేపేస్తుంది. అక్కడే ఇంకోటి, గాలి వెనక నుంచి కొడుతుండగా డోర్ తీస్తే చేతిలోంచి లాక్కుపోయి హింజ్ వంగిపోతుంది, దానికి చాలా పాలసీలు పైసా ఇవ్వవు. గాలికి ఎదురుగా ఆపండి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో డోర్ అంచు పట్టుకుని తీయండి. వాగులు దాటేటప్పుడు ఇంజన్‌లోకి నీళ్లు పోతే కవర్ లేదన్నట్టే. తాగి నడిపినా, కాంట్రాక్టులో పేరు లేనివాళ్లు నడిపినా, ప్రమాదం జరిగాక పోలీసు రిపోర్టు కావాల్సిన చోట తీసుకోకపోయినా మీరు కొన్న కవర్లన్నీ ఎగిరిపోతాయి.

డిపాజిట్ దగ్గర ఇంకో రకం తంటా. మెయిన్ డ్రైవర్ పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి, భార్య పేరు మీద బుకింగ్, భర్త పేరు మీద కార్డు అంటే ఒప్పుకోరు. డెబిట్ కార్డు చాలాచోట్ల తీసుకోరు, తీసుకున్నా ఫుల్ కవర్ కొంటేనే అంటారు. కార్డు మీద డబ్బు బ్లాక్ చేస్తారు, అది ఖర్చు కాదు గానీ ఆ మేరకు లిమిట్ తగ్గిపోతుంది, బండి తిరిగిచ్చాక విడుదల కావడానికి రోజులు పడుతుంది, ఈలోపు హోటల్ వాడు కూడా బ్లాక్ చేస్తే కార్డు బిగుసుకుపోతుంది. ఎంత బ్లాక్ చేస్తారో వోచర్ షరతుల్లో ముందే ఉంటుంది, లిమిట్ చూసుకుని బయల్దేరండి. అలాగే మెషిన్ మీద “మీ సొంత కరెన్సీలో కట్టాలా, ఇక్కడి కరెన్సీలోనా” అని వస్తే ఎప్పుడూ అక్కడి కరెన్సీనే నొక్కండి. సొంత కరెన్సీ నొక్కితే మార్పిడి రేటు వాళ్లు పెట్టింది పడుతుంది, అది మీ బ్యాంకు రేటు కంటే బాగుండటం నేనెప్పుడూ చూడలేదు.

లైసెన్స్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే కౌంటర్ దగ్గర బుకింగ్ గాల్లో కలిసిపోయేది చాలాసార్లు దీనివల్లే. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అంటే మీ లైసెన్స్‌కి అధికారికంగా చేసిన అనువాదం, ఒరిజినల్ లైసెన్స్ జేబులో లేకపోతే దానికి విలువ లేదు. ఇవి ముఖ్యంగా రెండు నమూనాల్లో వస్తాయి, 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది ఒకటి, 1968 వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చేది ఇంకొకటి. మొదటిది ఏడాది చెల్లుతుంది, రెండోది గరిష్ఠంగా మూడేళ్లు. జపాన్ 1949 నమూనాని మాత్రమే ఒప్పుకుంటుంది, అది లేకపోతే మీరు ముందే డబ్బు కట్టేసినా సరే, తల వంచి, నవ్వుతూ, బండి ఇవ్వలేమని చెప్తారు. జర్మనీ, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ లాంటి కొన్ని దేశాల లైసెన్సులకి జపాన్ భాషలో అధికారిక అనువాదం ఉంటే సరిపోతుంది. చైనా ప్రధాన భూభాగంలో ఈ పర్మిట్ చెల్లనే చెల్లదు, అక్కడి తాత్కాలిక లైసెన్స్ తీసుకోవాలి. పర్మిట్ మీకు లైసెన్స్ ఇచ్చిన దేశంలోనే, అక్కడ అధికారం ఉన్న సంస్థ దగ్గరే తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో ‘పదేళ్ల ఇంటర్నేషనల్ లైసెన్స్’ అని ప్లాస్టిక్ కార్డులు అమ్మే సైట్లు ఉన్నాయి, అవి శుద్ధ మోసం.

సంతకం పెట్టే ముందు చూడాల్సినవి ఇంకొన్ని. 25 ఏళ్ల లోపు వాళ్లకి చాలాచోట్ల రోజువారీ అదనపు చార్జీ ఉంటుంది. రెండో డ్రైవర్ పేరు చేర్చారా? దేశం దాటి వెళ్లడానికి అనుమతి రాసుందా? కిలోమీటర్లకి పరిమితి ఉందా? అద్దె రోజు అంటే 24 గంటలు, పొద్దున పదింటికి తీసుకుంటే పదింటికే ఇవ్వాలి, కాస్త గ్రేస్ టైమ్ దాటితే ఇంకో రోజు అద్దె పడుతుంది. అలాగే ఏ రోడ్ల మీద నడపకూడదో కాంట్రాక్టులోనే ఉంటుంది. ఐస్‌లాండ్‌లో ‘ఎఫ్’తో మొదలయ్యే కొండ దారులకి ఫోర్ వీల్ డ్రైవ్ బండి తప్పనిసరి. న్యూజిలాండ్‌లో నైంటీ మైల్ బీచ్ చట్టప్రకారం రోడ్డే, కానీ అద్దె కంపెనీలు అక్కడికి ఒప్పుకోవు, ఎందుకంటే ఇసుకలో కూరుకుపోయిన బండిని ఆటుపోట్లు ఆగి తియ్యనివ్వవు. ఆస్ట్రేలియాలో కొన్ని కంపెనీలు ఊరి బయట చీకటి పడ్డాక నడిపితే కవర్ లేదంటాయి, కంగారూలు రోడ్డెక్కేది ఆ వేళకే మరి.

తాళం చేతికొచ్చాక తొందరపడకండి, ఈ రివ్యూలో అన్నిటికంటే పనికొచ్చే మాట ఇదే. పార్కింగ్‌లోనే వెలుతురున్న చోటికి బండి తెచ్చుకుని చుట్టూ ఒక వీడియో తీయండి, నంబర్ ప్లేటు దగ్గర మొదలుపెట్టి నంబర్ ప్లేటు దగ్గరే ముగించండి, మధ్యలో కట్ చేయొద్దు. బంపర్ మూలలు, ముందు అద్దం, నాలుగు చక్రాల రిమ్ములు, బంపర్ కింద అంచు, ఇవి వంగి తీయాలి. బండి తడిగా ఉంటే గీతలు కనపడవు, వేలితో తుడిచి చూడండి. చివరగా లోపల కూర్చుని ఇంధనం ముల్లు, కిలోమీటర్ల అంకె ఒకే ఫొటోలో వచ్చేలా తీయండి. వాళ్లిచ్చిన కాగితంలో లేని గీత కనిపిస్తే వెనక్కెళ్లి రాయించండి, “అది చిన్నదే లెండి, ఫర్వాలేదు” అంటే “ఫర్వాలేదని అక్కడే రాయండి” అనండి. కొన్ని కంపెనీలకి గీతలు కొలిచే ప్లాస్టిక్ కార్డు ఉంటుంది, పారదర్శకంగా, మధ్యలో వృత్తం గీసి. దెబ్బ ఆ వృత్తంలో పడితే డబ్బులు లేవు, దాటితే బిల్లు. నాకు ఒకసారి వెనక కుడి చక్రం రిమ్ము మీద గోరంత గీతకి తిరిగిచ్చాక బిల్లు పంపారు. టైము, తేదీ కనిపిస్తున్న నా వీడియోలో సరిగ్గా ఆ గీత ఉన్న సెకను దగ్గర ఆపి, స్క్రీన్‌షాట్ తీసి పంపించా. మర్నాడే “విషయం ముగిసింది” అని ఒక లైను మెయిల్ వచ్చింది. సారీ మాత్రం లేదు. ఆ కౌంటర్ స్టార్లు తగ్గడానికి ఇదీ ఒక కారణం.

ఇప్పుడు నడపడం. అలవాటు లేని పక్కన నడిపేవాళ్లకి నేను చెప్పేది ఒకటే గుర్తు: ఏ దేశమైనా స్టీరింగ్ దగ్గర కూర్చున్న మనిషి రోడ్డు మధ్య గీతకి దగ్గరగా ఉండాలి. మీ పక్కన ఫుట్‌పాత్ కనిపిస్తోందంటే తప్పు పక్కన ఉన్నట్టే. ట్రాఫిక్‌లో ఈ పొరపాటు రాదు, ముందు బండి వెనక పోతారు కాబట్టి. వచ్చేది ఖాళీ రోడ్డు మీద, పొద్దున్నే పార్కింగ్‌లోంచి బయటికొచ్చే క్షణంలో, పెట్రోల్ బంకు నుంచి రోడ్డెక్కేటప్పుడు. పక్క సీట్లో వాళ్లకి ఆ ఒక్క డ్యూటీ ఇవ్వండి, బంకు దాటిన ప్రతిసారీ ఆ దేశం పక్కని బట్టి “కుడి, కుడి” అనో “ఎడమ, ఎడమ” అనో గట్టిగా అనమనండి. ఇండికేటర్ ఇంకో తమాషా. బ్రిటన్ కార్లలో అది స్టీరింగ్‌కి ఎడమ వైపు ఉంటుంది, జపాన్‌లో కుడి వైపు, మొదటి రోజంతా మలుపు దగ్గర ఎండలో వైపర్లు ఊగుతుంటే వెనకవాడికి మీరు టూరిస్టని అర్థమైపోతుంది, అది మంచిదే.

రౌండ్ అబౌట్‌లో లోపల తిరుగుతున్నవాళ్లకే మామూలుగా ముందు దారి. ప్యారిస్‌లో ఆర్క్ డి ట్రయాంఫ్ చుట్టూ మాత్రం దీనికి ఉల్టా, కుడి వైపు నుంచి లోపలికి వచ్చేవాళ్లకి మీరు దారివ్వాలి, దాని జోలికి పోకండి. అమెరికాలో ఎర్ర లైటు ఉన్నా పూర్తిగా ఆగి, చూసుకుని కుడికి తిరగొచ్చు, బోర్డు వద్దంటే తప్ప. న్యూయార్క్ నగరంలో అది కుదరదు, యూరప్‌లో చేస్తే మామూలుగా జరిమానానే. అమెరికాలోనే స్కూలు బస్సు ఎర్ర లైట్లు వెలిగించి ఆగితే ఎదురుగా వచ్చేవాళ్లు కూడా ఆగాలి, మధ్యలో డివైడర్ లేకపోతే. జర్మనీ, ఆస్ట్రియా హైవేల మీద ట్రాఫిక్ ఆగిపోతున్నప్పుడే అందరూ పక్కలకి జరిగి అంబులెన్సుకి మధ్యలో దారి వదులుతారు: అన్నిటికంటే ఎడమ లేన్ వాళ్లు ఎడమకి, మిగిలినవాళ్లంతా కుడికి. అది చట్టం, ఎవరో సైరన్ వేసే దాకా ఆగొద్దు. న్యూజిలాండ్, ఐస్‌లాండ్‌లలో ఊళ్ల బయట ఒకే బండి పట్టే వంతెనలు చాలా ఉంటాయి, న్యూజిలాండ్ బోర్డు మీద మీ వైపు బాణం ఎర్రగా ఉంటే మీరే ఆగాలి. వేగం బోర్డుల సంగతి, బ్రిటన్‌లో మైళ్లు, ఐర్లాండ్ 2005 నుంచి కిలోమీటర్లు. బెల్‌ఫాస్ట్ నుంచి డబ్లిన్ వెళ్తుంటే సరిహద్దు దగ్గర గేటు ఉండదు, చెకింగ్ ఉండదు, బోర్డు మీద అంకెలు మైళ్ల నుంచి కిలోమీటర్లకి మారిపోతాయి, అంతే.

ఇటలీ వెళ్లేవాళ్లు జెడ్‌టీఎల్ అన్న మూడు అక్షరాలు గుర్తుపెట్టుకోండి. ఫ్లోరెన్స్, పీసా, సియెనా, రోమ్ లాంటి చోట్ల పాత ఊరి మధ్యలోకి అనుమతి లేని బండ్లు రాకూడదు. ఎర్ర అంచు తెల్ల గుండ్రటి బోర్డు, పైన కెమెరా. గేటు లేదు, పోలీసు లేడు, ఎవరూ ఆపరు, మ్యాప్ కూడా ఒక్కోసారి హాయిగా లోపలికి తీసుకుపోతుంది. హోటల్ ఆ జోన్ లోపల ఉంటే ముందే ఫోన్ చేసి నంబర్ ప్లేటు చెప్పి నమోదు చేయించుకోవాలి. లేదంటే రెండు దెబ్బలు: మీ వివరాలు పోలీసులకి ఇచ్చినందుకు అద్దె కంపెనీ కోసే ఫీజు మొదటిది, అసలు జరిమానా రెండోది. ఫీజు కట్టాం కదా అని జరిమానా కట్టకుండా వదిలేసేవాళ్లు ఉన్నారు, రెండూ వేరు. విదేశీయులకి నోటీసు పంపడానికి ఇటలీ చట్టం 360 రోజులు ఇస్తుంది.

టోల్ కూడా దేశానికో తీరు. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, స్లొవేనియా హైవేలకి విన్యెట్, అంటే ముందే కొనే రోడ్డు పాస్, కొనాలి, అక్కడే తీసుకున్న అద్దె కారుకి మామూలుగా ఉంటుంది, మ్యూనిక్‌లో తీసుకుని వియన్నా వెళ్తుంటే మీరే కొనాలి. స్విట్జర్లాండ్‌ది ఏడాదిదే అమ్ముతారు, ఒక్క పూటకైనా సరే. అమెరికాలో చాలా టోల్ రోడ్లకి నగదు తీసుకునే బూతులే లేవు, గోల్డెన్ గేట్ వంతెన మీద 2013లోనే ఎత్తేశారు. అద్దె కంపెనీ ఇచ్చే టోల్ డబ్బాకి రోజువారీ ఫీజు వేరే ఉంటుంది, కొన్ని ప్లాన్లలో టోల్ తగలని రోజులకి కూడా. జపాన్‌లో టోల్ గేటు దగ్గర ఆగకుండా కట్టే ఈటీసీ కార్డు కౌంటర్ దగ్గరే అద్దెకి అడగండి. అన్నట్టు అక్కడి కార్ల నావిగేషన్‌లో ఫోన్ నంబర్ కొడితే చాలు దారి చూపిస్తుంది, ఈ ఒక్క సదుపాయానికి ఐదో స్టార్ ఇవ్వాలనిపించింది.

ఇంధనం విషయంలో ‘ఫుల్ టు ఫుల్’, అంటే నిండు ట్యాంకుతో తీసుకుని నిండు ట్యాంకుతోనే ఇచ్చేది, తప్ప ఇంకేదీ తీసుకోవద్దు. ట్యాంకు మూత ఏ పక్క ఉందో మీటర్‌లో బంకు బొమ్మ పక్కన చిన్న బాణం చెప్తుంది. పంపు గొట్టం రంగుని నమ్మకండి, బ్రిటన్‌లో ఆకుపచ్చ అంటే పెట్రోల్, అమెరికాలో ఆకుపచ్చ అంటే చాలావరకు డీజిల్. యూరోపియన్ యూనియన్‌లో 2018 నుంచి గుర్తులు వచ్చాయి: గుండ్రటి లేబుల్ పెట్రోల్, చతురస్రం డీజిల్, మూత లోపల కూడా అదే గుర్తు ఉంటుంది, రెండూ కలిస్తేనే కొట్టండి. పొరపాటున తప్పుది పడితే ఇంజన్ స్టార్ట్ చేయకుండా కంపెనీకి ఫోన్ చేయండి, స్టార్ట్ చేశాకే ఖర్చు పెరుగుతుంది. అమెరికా పంపు జిప్ కోడ్ అడిగి విదేశీ కార్డుని వద్దంటే లోపలికెళ్లి క్యాషియర్ దగ్గర ముందే కట్టేయొచ్చు.

తిరిగిచ్చేటప్పుడు ఆఫీసు తెరిచున్న టైములో, మనిషి చూస్తుండగా ఇచ్చి, ‘దెబ్బలు లేవు’ అన్న కాగితమో మెయిలో తీసుకోండి. రాత్రి డబ్బాలో తాళం వేసి పోతే చాలా కాంట్రాక్టుల ప్రకారం పొద్దున ఆఫీసు తెరిచే దాకా బాధ్యత మీదే, పక్కవాడు గీసినా మీదే. తీసుకున్నప్పుడు తీసినట్టే మళ్లీ వీడియో, చివరి పెట్రోల్ రసీదు. కారు తెరలోంచి మీ ఫోన్ పేరు, కాంటాక్టులు తీసెయ్యండి, ముందు వాడినవాళ్లవి ఎన్ని ఉంటాయో చూస్తే మీకే అర్థమవుతుంది. ఇవన్నీ ఏడాది పైన దాచండి. తెలియని చార్జీ పడితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫొటోలతో పంపండి, వినకపోతే కార్డు ఇచ్చిన బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టండి, దానికి గడువు ఉంటుంది, నాన్చకండి.

చివరగా, ఈ సర్వీసు ఎవరికి వద్దంటే, లండన్, ప్యారిస్, టోక్యోల్లోనే తిరగబోయేవాళ్లకి. అక్కడ కారు అంటే పార్కింగ్ వెతుక్కుంటూ డబ్బు పోగొట్టుకోవడమే, రైళ్లు అంతకంటే బాగుంటాయి. నగరం చూసేసి, పల్లెల వైపు బయల్దేరే రోజు పొద్దున బండి తీసుకోండి, అది కూడా వీలైతే ఎయిర్‌పోర్టులో కాకుండా ఊళ్లో బ్రాంచ్‌లో, ఎయిర్‌పోర్టు సర్‌చార్జీ తప్పుతుంది. కాకపోతే ఆ బ్రాంచ్ ఆదివారం తెరుస్తారో లేదో ముందే చూసుకోండి, యూరప్‌లో చాలా ఊళ్లలో ఆ రోజు మూసే ఉంటుంది, కొన్నిచోట్ల మధ్యాహ్నం భోజనానికి కూడా తాళం వేసుకుని వెళ్లిపోతారు.